తొమాసా అడిగిన మూట

తొమాసా పొద్దున్నే వచ్చింది. నిచ్చెన ఎక్కలేదు. కిందే నిలబడి, తన అన్న లునాగ్ ఇంటి కింద మూటగట్టి ఉంచిన అమ్మ ఎముకలు ఒక్కరోజుకు ఇప్పించమని అడిగింది.

నేను కత్తికి పిడి బిగించుకుంటున్నాను. పైకొచ్చి కూర్చోమన్నాను.

"కూర్చుంటే మళ్లీ లేవలేను తాతా. ఇలాగే చెప్పనీ."

ఆమె కూతురు జోవీకి వానలు మొదలైనప్పటి నుంచి జ్వరం. వస్తుంది, పోతుంది. పోయిందనుకున్న రోజున కాళ్లు వాస్తాయి. కింద పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తం తీశారు, మాత్రలిచ్చారు, మళ్లీ రమ్మన్నారు. తొమాసా తంతులు జరిపే ముంబాకిని కూడా పిలిపించింది. ఆయన కోడిని కోసి పిత్తం చూశాడు. పిల్ల అమ్మమ్మకు చలేస్తోందన్నాడు. మూట విప్పి, ఎముకలు తుడిచి, కొత్త దుప్పటి చుట్టి, పందిని కోసి బొగ్వా తంతు చెయ్యమన్నాడు.

"మాత్రలూ మానలేదు, ఇదీ మానను. ఏది పనిచేస్తే అదే. అమ్మ పోయింది లునాగ్ ఇంట్లో, మూటా వాడింట్లోనే ఉంది. ఇమ్మని మనిషినంపితే కుక్కను వదిలాడు."

"కరిచిందా?"

"ముసలి కుక్క. వాసన చూసి పడుకుంది."

ఆమె నవ్వలేదు. నేను కూడా నవ్వలేదు. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినదానిలా ఆమె మాటిమాటికీ వెనక్కి, తన ఇల్లున్న గట్టు వైపు చూస్తోంది.

"ఆదివారం ముంబాకి వస్తాడు. పందిని కట్టేసి ఉంచాం. మా మరుదులు ఊరుకునేలా లేరు. శనివారం దాకా చూస్తాం, ఇవ్వకపోతే మేమే పోయి తెచ్చుకుంటాం అంటున్నారు."

ఒకరింటి కిందనుంచి ఎముకలు బలవంతంగా తెస్తే ఏమవుతుందో మా కొండల్లో అందరికీ తెలుసు. మా నాన్న కాలంలో అలా ఒక మూట దగ్గర మొదలైన తగవు మూడు తలలు తెగాక ఆగింది. మధ్యవర్తిగా మాట మోయడానికి నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్న ఘడియ నుంచి అన్నాచెల్లెళ్లు ఎదురుపడకూడదు, ఒకరి నీళ్లు ఒకరు తాగకూడదు. తగవు తీరేదాకా వాళ్ల మధ్య మాటంతా నా కాళ్ల మీదే నడవాలి.

"ఏమని చెప్పను?" అన్నాను.

"వాడు దొంగ అని చెప్పు. వాడు తినే అన్నంలో మట్టి పడాలని చెప్పు."

నాకున్నది ఒకటే పద్ధతి. మోయాల్సిన మాటను ముందు చెప్పినవాళ్లకే తిరిగి వినిపిస్తాను.

"నువ్వు దొంగవి. నువ్వు తినే అన్నంలో మట్టి పడాలి. ఇదేనా?"

తొమాసా నా మొహంలోకి చూసింది. "మట్టి సంగతి వద్దులే. వదినా పిల్లలూ కూడా ఆ అన్నమే తింటారు."

"నువ్వు దొంగవి. ఇదేనా?"

కాసేపు కాలి బొటనవేలితో నేల గీసింది. "జోవీకి బాగాలేదని చెప్పు. అమ్మను ఒక్కరోజు నా ఒళ్లో పెట్టుకుని, మళ్లీ పంపించేస్తానని చెప్పు. వాడింటి కిందే ఉండనీ, నాకేం పంతం లేదు."

అది పట్టుకుని బయలుదేరాను.

లునాగ్ ఇల్లు వాగుకు అవతలి గట్టున ఉంటుంది. దిగితే దిగుడే, ఎక్కితే ఎక్కుడే. లునాగ్ మాటకారి. ఏదన్నా పెళ్లికి వాడు రాకపోతే జనం తొందరగా ఇళ్లకు పోతారు. నన్ను చూడగానే వక్క, ఆకు, సున్నం ముందు పెట్టి మొదలుపెట్టాడు.

"నువ్వొస్తావని తెలుసు తాతా. ఊళ్లో మాట్లాడేవాళ్లందరికీ పనుండి ఉంటుంది, మాట్లాడని నిన్ను పంపింది మా చెల్లెలు."

తొమాసా మాట చెప్పాను. జోవీ పేరు వినగానే వాడి దవడ ఆగింది. మళ్లీ నమిలాడు.

"అమ్మ మంచాన పడ్డప్పుడు ఎక్కడుందిది? ఎత్తి కూర్చోబెట్టింది ఎవరు, కడిగింది ఎవరు? నా పెళ్లాం. ఆ పెళ్లాన్ని పట్టుకుని, మా అమ్మకు చల్లన్నం పెట్టిందని చావింట్లో పదిమంది ముందు అంది. చల్లన్నం పెట్టినవాళ్ల దగ్గర ఎముకలు ఎందుకు అడగాలి?"

వాడి భార్య ఫెలిసా చిలగడదుంప ఆకు తరుగుతోంది. ఎముకల మాట రాగానే కత్తిపీట అక్కడే వదిలేసి పందుల దగ్గరికి పోయింది.

"చల్లన్నం అన్నావు కాబట్టి ఇవ్వను. ఇదేనా?" అన్నాను.

"అంత చిన్నగా కాదు. దారి జారుడుగా ఉంది, వానల్లో అమ్మను తిప్పడం మంచిది కాదు, అందుకని ఇవ్వనని చెప్పు."

"దారి జారుడు కాబట్టి ఇవ్వను. ఇదేనా?"

"దారి కాదులే. మొన్న మొన్ననే దుప్పటి మార్చాను. మార్చిన దుప్పటి మళ్లీ మార్చకూడదు."

మూడు కారణాలు చెప్పాడు. మూడూ నా నోట విని మూడూ వెనక్కి తీసుకున్నాడు. చివరికి మిగిలింది ఒకటే, ఇవ్వను. కారణం మారుతూ మాట మారకపోతే, కారణం వేరే ఎక్కడో ఉందని అర్థం. అది వాడు చెప్పేదాకా నాకు తెలిసే దారి లేదు.

ఒట్టి 'ఇవ్వను' మోసుకెళ్లడం కంటే రాయి మోయడం నయం. వాగు దగ్గరికి వచ్చేసరికి పైనుంచి కేక వినపడింది. తొమాసా ఆగలేకపోయింది. నేను వట్టిచేతులతో దిగడం తన వాకిట్లోంచి చూసింది.

"ఒరేయ్ లునాగ్. అమ్మను దాచుకుని ఏం చేసుకుంటావురా? నా పిల్ల పోతే దాని పక్కన పడుకోబెడతావా?"

మా కొండల్లో ఈ గట్టు మీద తుమ్మితే ఆ గట్టుకు వినపడుతుంది. లునాగ్ కూడా బయటికొచ్చాడు.

"నీ మరుదుల్ని పంపుతావంటగా. రమ్మనవే. కుక్క ముసలిదే, నేను కాదు."

మోకాలి లోతు నీళ్లలో నేను, నా తలమీదుగా వాళ్ల మాటలు. ఒకసారి అటు చూశాను, ఒకసారి ఇటు. అరవడం నాకు చేతకాదు. పొలాల్లో నడుములు ఎత్తి జనం చూస్తున్నారు. ఇద్దరి గొంతులూ అలిసేదాకా అక్కడే నిలబడి, తర్వాత ఎక్కాను.

తొమాసా ఇంటికింద ఆమె మరుదులు కత్తులు నూరుకుంటున్నారు. పెద్దవాడు హబిలింగ్ నాకు చోటివ్వకుండానే పలకరించాడు.

"తాతా, కాళ్లు నొప్పా? మమ్మల్ని పోనిస్తే ఒక్కపూటలో తేలిపోతుంది."

"తేలాక మోసుకొచ్చేది మూటనా, నిన్నా?"

వాడి తమ్ముడు నవ్వబోయి ఆపుకున్నాడు. తొమాసా నిచ్చెన మీద నిలబడి ఉంది. లోపల పిల్ల మూలుగుతోంది. అరిచింది తప్పని ఆమెకు తెలుసు, అందుకని నా కళ్లలోకి చూడలేదు.

"ఇంకోసారి అరిస్తే నేను రాను," అన్నాను.

"అరవను. ఇస్తాడా?"

"ఇవ్వనన్నాడు."

"ఎందుకని?"

"వాడికే తెలిసినట్టు లేదు."

ఆమె లోపలికి పోయి పిల్లకు తడిగుడ్డ మార్చి వచ్చింది. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. ఒక్కచోట నిలవడం లేదు.

"ఇవ్వకపోతే పోనీ. దుప్పటన్నా ఎలా ఉందో చూపించమను. చిరిగిందా, తడిసిందా, చీమలు పట్టాయా? అమ్మకు నిజంగా చలేస్తోందా లేదా అదన్నా తెలియాలిగా నాకు. నువ్వు నీ కళ్లతో చూడు తాతా. వాడు చెబితే నేను నమ్మను."

"దుప్పటి ఎలా ఉందో చూపించు. ఇదేనా?"

"ఇదే."

శుక్రవారం వాన విడవలేదు. తాటాకు గొడుగు వేసుకుని మళ్లీ దిగి, మళ్లీ ఎక్కాను. లునాగ్ ఈసారి వక్క పెట్టలేదు. రాత్రి నిద్రపోయిన మొహం కాదు. గోడకు ఆనించిన ఈటెను చూపించి, తొమాసా మరుదులు వస్తే తనేం చేస్తాడో చెప్పాడు. వచ్చేవాళ్లెందరో, ఎవరిని ఏ మూల కొడతాడో చెప్పాడు.

"తొమాసా ఎముకలు అడగలేదు. దుప్పటి చూసి రమ్మంది," అన్నాను.

"దుప్పటా?"

"చూపించు."

నవ్వబోయాడు. నవ్వు సగం దాకా వచ్చి ఆగిపోయింది. నిచ్చెన దిగాడు, నేను వెనకాలే దిగాను. ఇంటి అడుగున, దూలానికి వేలాడదీసిన పలక మీద రెండు మూటలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి వాళ్లమ్మది. రెండోది ఫెలిసా అమ్మది. ఆమెకు కొడుకులు లేకపోవడంతో ఎముకలు కూతురి వెంట ఈ ఇంటికి వచ్చాయి. రెండు మూటలకూ ఒకే రకం దుప్పటి. ఎర్ర చార, నల్ల చార.

లునాగ్ ఎడమ మూట మీద చెయ్యి వేయబోయాడు. వేయలేదు. కుడి మూట వైపు జరిగింది చెయ్యి. అక్కడా ఆగింది. తర్వాత ఆ చేయి తెచ్చి తన తల మీదే పెట్టుకున్నాడు.

నేనేం మాట్లాడినా వాడు దాని తోక పట్టుకుని ఇంకో దారిన పోయేవాడు. రేకుల మీద వాన పడుతూనే ఉంది.

"తాతా, నాకు తెలీదు," అన్నాడు.

పోయిన ఏడు తుఫానులో కొండ జారి ఇంటి వెనక పడింది. ఫెలిసా పిల్లల్ని తీసుకుని బడి గదుల్లో ఉంది. లునాగ్ ఒక్కడే చేతులతో తవ్వాడు. దొరికినవి రెండు బురద ముద్దలు. ఏ దుప్పటి ఏదో, ఏ నేత ఏదో కనపడలేదు. విప్పి చూద్దామంటే, ముంబాకి లేకుండా, పందిని కోయకుండా విప్పినవాడు ఏడాది తిరక్కుండా పోతాడు. పైపైన కడిగి, ఆరబెట్టి, బురద గుడ్డల మీదే కొత్తవి చుట్టాడు. సంతలో ఆరోజు ఒకే రకం ఉన్నాయి.

"అప్పటి నుంచి పండగొస్తే చాలు, కల్లు పోసేటప్పుడు ఎటు తిరిగి అమ్మా అనాలో తెలీదు. మధ్యలో చూసి అంటాను. ఏదో ఒకటి ఇచ్చేసి ఊరుకుందామనుకున్నా. అది మా అత్తదైతే? వాళ్లమ్మను నేను పరాయి ఇంటికి పంపానని ఫెలిసాకు తెలిస్తే పిల్లల్ని తీసుకుని పోతుంది. మా అమ్మ కాక మా అత్త పోతే జోవీ జ్వరం ఎలా తగ్గుతుంది?"

"ఫెలిసాతో చెప్పావా?"

"ఎలా చెబుతాను? నువ్వు చెప్పు తాతా. నీ నోటినుంచి వస్తే కోపం సగమవుతుంది."

"చెప్పను."

"రెండు గట్ల మధ్య మోస్తున్నావు. ఇది నాలుగు మెట్లు."

"ఒకే చాప మీద పడుకునేవాళ్ల మధ్య నడవడానికి నాకు చోటెక్కడుందిరా?"

లునాగ్ నన్ను బతిమాలాడు. ఫెలిసా నా మాటంటే గౌరవిస్తుందన్నాడు. ఇంత వయసొచ్చి కనికరం లేదన్నాడు. చివరికి తిట్టాడు. నేను ఇంటి స్తంభాన్ని ఆనుకుని గొంతుకూర్చున్నాను. రేపు శనివారం. అవతలి గట్టున కత్తులు నూరడం అయిపోయి ఉంటుంది. నేనే పైకెక్కి చెప్పేస్తే పని తొందరగా అయిపోతుంది. కానీ నా చేత చెప్పించుకున్న మొగుణ్ణి ఆమె రేపు ఏ మాటకు నమ్ముతుంది?

వాడు ఎక్కాడు. పైన చెక్కల మీద వాడి అడుగులు తిరుగుతూ వినపడ్డాయి. వాన సంగతి ఎత్తాడు. పంది మేత తినడం లేదన్నాడు. ఉప్పు అయిపోయిందా అని అడిగాడు.

"ఉప్పు సంగతి నీకెందుకు? ఏంటో చెప్పు," అంది ఫెలిసా.

తర్వాత వాడి గొంతు బాగా తగ్గిపోయింది. నాకేం వినపడలేదు. ఏదో గిన్నె నేలకు ఆనిన చప్పుడైంది. తర్వాత అదీ లేదు. ఆమె బట్టలు మూట కడుతోందనుకున్నాను. లేచి నిలబడ్డాను, మళ్లీ కూర్చున్నాను.

"నాకూ తెలీదు," అన్న ఆమె గొంతు వినపడింది.

"నీకు తెలీదా?"

"బడినుంచి వచ్చేసరికి రెండూ ఒకేలా ఉన్నాయి. నువ్వు కట్టినవేగా, నీకు తెలుసనుకున్నా. కన్న కూతుర్నై ఉండి, మా అమ్మ ఇందులో ఏదని నిన్నెలా అడగను? అడిగితే నీ నోరు ఊరుకుంటుందా? పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వవూ?"

"దానికి నేను నవ్వుతానా..."

"నేనూ మధ్యలో చూసే పోస్తున్నాను కల్లు."

వాళ్లు చాలాసేపు దిగలేదు. దిగినప్పుడు ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. పొగవల్లేమో. లునాగ్ నా ముందు నిలబడి, ఎప్పుడూ లేనిది, పొట్టిగా మాట్లాడాడు.

"అమ్మ ఏదో నాకు తెలీదు. బురదలో రెండూ కలిసిపోయాయి. సిగ్గేసి ఇవ్వలేదు. చల్లన్నం సంగతి కాదు."

"అమ్మ ఏదో నాకు తెలీదు. బురదలో రెండూ కలిసిపోయాయి. సిగ్గేసి ఇవ్వలేదు. చల్లన్నం సంగతి కాదు. ఇదేనా?"

"ఇదే." మార్చలేదు.

ఫెలిసా అంది: "చల్లన్నం ఒకసారి పెట్టిన మాట నిజమేనని కూడా చెప్పు తాతా. ఆరోజు నాకు నడుం పట్టేసింది, పొయ్యి దగ్గర వంగలేకపోయాను."

దాన్ని అలాగే మోసుకెళ్లాను. మెత్తన చేయలేదు, ముందువెనకలు చేయలేదు. తొమాసా వాకిట్లో నిలబడి విన్నది. విన్నాక నిచ్చెన మొదటి మెట్టు మీద కూర్చుంది.

హబిలింగ్ పడీపడీ నవ్వాడు. "అమ్మను పోగొట్టుకున్నవాణ్ణి విన్నాను గానీ, చచ్చిన అమ్మను పోగొట్టుకున్నవాణ్ణి ఇప్పుడే చూడ్డం."

తొమాసా వాడి వైపు చూడలేదు. "అమ్మను బురదలో కలిపాడని చెప్పు. వాడి చేతికి ఏదీ నిలవదని, చిన్నప్పుడూ అంతేనని చెప్పు."

"అమ్మను బురదలో కలిపావు. నీ చేతికి ఏదీ నిలవదు. ఇదేనా?"

లోపలినుంచి పిల్ల నీళ్లడిగింది. తొమాసా లేచి తాగించి వచ్చింది.

"బురదలోంచి దేంతో తవ్వి తీశాడు?"

"చేతులతో."

"గోళ్లూడిపోయి ఉంటాయి." తన గోళ్లు చూసుకుంది. "బురద మాట మోయొద్దు. రెండూ తెమ్మను. ఇద్దరికీ దుప్పట్లు నేనే కొంటాను. పంది మాత్రం నా దగ్గర ఒకటే ఉంది, రెండోది ఫెలిసా తెచ్చుకోవాలి."

"ఎవరిదో ముసలిదాని ఎముకలు మనింట్లో పెట్టుకుంటామా వదినా?" అన్నాడు హబిలింగ్.

"జోవీకి చలి ఎవరివల్ల వస్తోందో నీకు తెలుసా? నాకు తెలీదు. ఆ ఇంటికింద ఇద్దరూ ఒకే చోట తడిశారు. ఇద్దరికీ కప్పుదాం."

హబిలింగ్ ఇంకేదో అనబోయాడు. వాడి అన్న, తొమాసా మొగుడు, అంతవరకూ నోరు విప్పని మనిషి, కత్తి తీసి ఒరలో పెట్టి, రెండో పందికి కొయ్య పాతమన్నాడు.

చీకటి పడేలోపు ఇంకోసారి దిగి ఎక్కి, అటు మాట చేర్చాను.

ఆదివారం లునాగ్ ఒక మూట వీపున కట్టుకుని, ఫెలిసా ఇంకోటి కట్టుకుని వచ్చారు. వెనక పిల్లలు పందిని తోలుకొచ్చారు. అన్నాచెల్లెళ్లకు ఒకే గిన్నెలో కల్లు పోసిచ్చాను. తాగారు. దాంతో నా పని తీరింది. కానీ ఇద్దరూ ఇంకా నా వైపే చూస్తున్నారు, మాట నేనే అందించాలన్నట్టు. నేను పొయ్యి వైపు తిరిగాను.

"గోళ్లు చూపించు," అంది తొమాసా.

లునాగ్ చేతులు చాపాడు. "మళ్లీ మొలిచాయి. ఈ వేలు మాత్రం వంకరగా మొలిచింది."

ఒక ముసలమ్మకని వస్తే ఇద్దరు ముసలమ్మలున్నారని ముంబాకి గొణిగాడు. రెండు వంశాల తాతముత్తాతల పేర్లూ పిలవాలి, గొంతు పోతుంది, ఇంకో కోడి కావాలన్నాడు. ఇచ్చారు. మూటలు విప్పారు. తొమాసా ఒక పుర్రెను చేతుల్లో తిప్పి చూసింది. పక్కన పెట్టి రెండోదాన్ని చూసింది. ఫెలిసా కూడా అలాగే చూసింది. ఇదే అని ఎవరూ అనలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, బురద గీకి, ఒక్కొక్క ఎముకా తుడిచారు. మొదట తొమాసా ఒళ్లో ఉన్నది తర్వాత ఫెలిసా ఒళ్లోకి పోయింది, ఫెలిసా ఒళ్లోది ఇటు వచ్చింది. జోవీని దుప్పటి చుట్టి పక్కనే కూర్చోబెట్టారు.

ఆ రోజు పిల్లకు జ్వరం రాలేదు. మర్నాడూ రాలేదు. ఊరంతా అమ్మమ్మ చలి తీరిందన్నారు. తొమాసా మాత్రం పిల్ల నుదుటి మీదనుంచి చేయి తీయలేదు. ఆ తర్వాతి పొద్దున మళ్లీ ఒళ్లు కాలిపోయింది. ఈసారి కళ్లు కూడా ఉబ్బాయి. తొమాసా వాకిట్లోకి వచ్చి అవతలి గట్టుకు కేక వేసింది. తిట్టు కాదు. పేరు పెట్టి పిలిచింది, అంతే.

వానకు రోడ్డు కొట్టుకుపోయి జీప్నీ బండి పైకి రావడం లేదు. వంతెన దాకా నడవాలి. తొమాసా మొగుడికి వీపున కురుపు. లునాగ్ జోవీని వీపున కట్టుకున్నాడు. ఫెలిసా ఆకుల్లో వేడన్నం కట్టి తెచ్చి తొమాసా చేతిలో పెట్టింది. నా వాకిటి ముందునుంచే పోయారు. ఎవరూ ఆగలేదు.

"మెల్లగా నడవరా. పిల్ల తల ఊగుతోంది."

"నీ గొడుగు నా కంట్లో పొడుస్తోంది. ముందు అది సరిగ్గా పట్టు."

"ఆసుపత్రిలో నువ్వు మాట్లాడు. నాకు వాళ్ల ముందు నోరు రాదు."

"మాట్లాడతా. ఈసారి ఏంటో తేల్చి చెప్పేదాకా కదలం."

కొండ వంపు తిరిగేదాకా వాళ్ల మాటలు వినపడ్డాయి. తర్వాత వాన ఒక్కటే. జీప్నీ అందుకున్నారో లేదో తెలీదు. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ దారి చూస్తున్నాను.